మూలం తెలియని మరక

నేను ఒక ఫైలును. కంప్యూటర్లో ఉండే ఫైలు అనుకునేరు, కాదు. ముదురు గోధుమరంగు అట్ట, నడుముకు ఆకుపచ్చ నాడా, లోపల కాగితాలు గుచ్చడానికి ఒక రేకు పట్టీ. మీ ఇంట్లో బీరువా మీద కరెంటు బిల్లులు మోస్తూ ఒకటి పడి ఉంటుందే, ఆ జాతి. నా కథ కోపంతో చెబుతున్నాను. అట్టముక్కకు కోపమేమిటని నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత నవ్వు రాదు.

నన్ను పాత కాగితాలు నానబెట్టి, గుజ్జు చేసి, పలకలుగా ఒత్తి చేశారు. ఆ గుజ్జులో ఎవరివో శుభలేఖలున్నాయి, ఎవరికో అందిన కోర్టు నోటీసులున్నాయి, పరీక్ష తప్పిన పిల్లల జవాబు పత్రాలున్నాయి. పెళ్లీ సర్కారూ రెండూ పుట్టుకతోనే నా ఒంట్లో కలిశాయి. నా తలరాత అప్పుడే తేలిపోయిందని నాకేం తెలుసు!

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక పుస్తకాల దుకాణంలో వేలాడుతుంటే అప్పలనాయుడు నన్ను కొన్నాడు. నలభై ఐదేళ్ల మనిషి. బస్సు డిపోలో మెకానిక్కు. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు ఎంత తోమినా పోదు. నన్ను అటూ ఇటూ వంచి చూసి, "ఇది గట్టిదేనా అండీ? శానా దూరం ఎల్లాలి" అన్నాడు. "గవర్నమెంటు పనికా? అయితే నాడా ఉన్నదే పట్టుకెల్లండి, బటన్‌ది ఊడిపోద్ది" అన్నాడు దుకాణదారు. అంత జాగ్రత్తగా నన్ను ఎంచుకున్న మనిషిని తర్వాత నేను కాపాడలేకపోయాను.

పని ఏమిటంటే, ఆయన తన భార్య దగ్గరికి వెళ్లాలి. భార్య పేరు ఝాన్సీ. బొబ్బిలి అమ్మాయి. పదహారేళ్ల క్రితం వేరే దేశంలో ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగానికి వెళ్లి, అక్కడే పౌరసత్వం తీసుకుంది, సెలవులకు మాత్రం ఊరొచ్చి పోతుండేది. ఆ దేశం పేరు నేను చెప్పను. చెబితే మిగతా దేశాల ఆఫీసులు హమ్మయ్య అనుకుంటాయి. చలి ఎక్కువ, వాన ఎక్కువ, వరసలు ఎక్కువ, అంతవరకు చాలు. ఇద్దరికీ ఇది రెండో పెళ్లి. ఆయన మొదటి భార్య జబ్బుచేసి పోయింది. ఝాన్సీకి ఎప్పుడో విడాకులయ్యాయి. పౌరురాలి భర్తగా ఆయనకు ఆ దేశంలో శాశ్వత నివాసం ఇవ్వమని దరఖాస్తు. డిపోలో తోటివాళ్లు "ఇల్లరికం ఎల్తన్నాడురా నాయుడు, అదీ ఇమానంలో!" అని ఒకటే ఏడిపించారు. ఆయన సిగ్గుపడుతూనే అందరికీ మిఠాయి పంచాడు.

నా కడుపులోకి కాగితాలు ఒక్కొక్కటే చేరాయి. పెళ్లి రిజిస్ట్రేషన్ అసలు పత్రం, ఆయన పుట్టిన తేదీ పత్రం, మొదటి భార్య మరణ పత్రం, పోలీసులిచ్చిన మంచి నడవడి పత్రం, పెళ్లి ఫోటోలు పన్నెండు. వాటిలో ఒకదాంట్లో జీలకర్రాబెల్లం పెట్టబోతూ ఇద్దరూ పగలబడి నవ్వుతుంటారు. అన్నిటికన్నా నాకిష్టమైంది ఆయన స్వదస్తూరీతో రాసిన రెండు పేజీలు. "మీ పరిచయం ఎలా జరిగింది, వివరించండి" అని అడిగింది ఫారం. ఆయన ఇలా రాశాడు: "బొబ్బిలి రోడ్డులో బస్సు ఆగిపోయింది. వాన. నేను బస్సు కింద దూరాను. అందరూ చెట్ల కిందికి పోయారు. ఆవిడ దిగి నా కాళ్లు తడవకుండా గొడుగు పట్టింది. గంటన్నర పట్టింది. నేను అడగలేదు." దీన్ని అనువదించినాయన "సదరు మహిళ గొడుగు సౌకర్యం కల్పించినారు" అన్న అర్థం వచ్చేట్టు రాసి ముద్ర వేశాడు. ప్రేమ సర్కారు భాషలోకి వెళ్లేసరికి అంతే మిగులుతుంది.

ప్రయాణం ముందురోజు ఆయన అక్క వరహాలమ్మ వచ్చింది. తల్లి పోయాక తమ్ముణ్ణి చేతులమీద పెంచిన మనిషి. నన్ను చూడగానే, "ఒరే తమ్మూ, సుబమాని ఎల్తన్న కాయితాలకి పసుపెట్టకుండా పంపుతారేట్రా? ఇలాగియ్యి" అంది. గిన్నెలో పసుపు తడిపి నా నాలుగు మూలలకూ దిద్దింది. మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. అంతటితో ఆగితే బాగుండేది. నన్ను తెరిచి పెళ్లి పత్రం నాలుగు మూలలకూ వేలితో తాకించింది. "అమ్మవారు సూసుకుంటాది, ఎల్లిరా" అని నన్ను కళ్లకద్దుకుంది. నా జన్మలో నన్ను కళ్లకద్దుకున్నది ఆ ఒక్క మనిషే.

మార్చి నాలుగో తారీఖున ఆ దేశపు వలసల ఆఫీసులో ఆరో నంబరు కౌంటరుకు చేరాను. అసలు పత్రాలు కావాలి కనుక నన్ను మొత్తంగా తీసుకున్నారు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకునే ఒకావిడ అందుకుని, తారీఖు, కౌంటరు నంబరు మాత్రం ఉన్న చిన్న చీటీ చింపి ఇచ్చింది. "మూడు నెలల్లో ఉత్తరం వస్తుంది" అంది. అప్పలనాయుడు రెండు చేతులూ జోడించాడు. ఝాన్సీ ఆయన మోచెయ్యి పట్టుకుని నవ్వుతూ బయటకు తీసుకుపోయింది.

వాళ్లు తలుపు దాటిన తర్వాత ఆవిడ నన్ను తెరిచింది. పెళ్లి పత్రం చూసి ముఖం చిట్లించింది. వేలితో రుద్దింది. వేలు పచ్చబడింది. పక్క కుర్చీ ఆయనను పిలిచింది.

"ఇదేమిటి? ఏదైనా రసాయనమా?"

"తుప్పేమో."

"కాగితానికి తుప్పేమిటి?"

"మనకెందుకు? మరకలున్నవి పరీక్ష డబ్బాలో వెయ్యాలి కదా, వేసెయ్."

నా మొదటి పేజీలో, కంటికి కనబడేంత పెద్దగా, ఝాన్సీ ఫోను నంబరుంది. ఒక్క ఫోను. "అమ్మా, ఈ పచ్చరంగు ఏమిటి?" అని ఒక్క మాట. ఝాన్సీ వీధి మలుపైనా తిరిగి ఉండదు, వెనక్కి వచ్చి చెప్పేది. అడగలేదు. నన్ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచికి ఒక చీటీ కట్టింది. "మరక. మూలం తెలియదు." సంచిని అట్టడబ్బాలో వేసింది. డబ్బాను కాలితో కౌంటరు కిందికి తోసింది.

మరకలున్న కాగితాలను పరీక్షించాకే కంప్యూటర్లో ఎక్కించి నంబరు ఇవ్వాలట. అది రూలు. పరీక్షించే ఆయన ఉద్యోగ విరమణ చేసి అప్పటికి రెండేళ్లు. ఆ కుర్చీలో ఇంకెవరినీ వేయలేదు. డబ్బా అలాగే ఉంది, దాంట్లో వేయడం మాత్రం మానలేదు. లోపల నాలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. నాకు తెలియని లిపిలో రాసిన ఒక పత్రం మీద నూనె బొట్టుంది. ఏ దేశపు అమ్మమ్మ ఏ దీవెన కోసం పెట్టిందో! చంటిపిల్ల రంగు పెన్సిలు గీతలున్న జనన పత్రం ఒకటి. ఒక దరఖాస్తు మీద అక్షరాలు చెదిరిపోయి ఉన్నాయి, రాసేటప్పుడు ఏడ్చినట్టున్నారు. అన్నిటికీ అదే చీటీ. మూలం తెలియదు.

డబ్బాకు చెయ్యి పట్టుకునే రంధ్రం ఒకటుంది. కౌంటరు చెక్కకూ నేలకూ మధ్య జానెడు సందుంది. రెండింటిలోంచి నాకు జనం కాళ్లు కనబడేవి. జూన్‌లో ఒకరోజు గ్యారేజీ బూట్లు కనబడ్డాయి. ఒక బూటుకు లేసు తెగితే సన్నటి రాగి తీగతో కట్టుకుని ఉంది. ఆ కట్టు నాకు తెలుసు. నా రేకు పట్టీ వంగినప్పుడు సరిచేసింది ఆ చేతులే.

"ఉత్తరం రాలేదండీ" అంది ఝాన్సీ. కళ్లజోడావిడ మీటలు నొక్కి, "కంప్యూటర్లో మీ దరఖాస్తు లేదు" అంది. చీటీ చూపిస్తే, "ఇది కౌంటరుకు వచ్చినట్టు రుజువు. ఫైలు ఇచ్చినట్టు కాదు" అంది. నేను ఆవిడ మడమకు మూరెడు దూరంలో ఉన్నాను. కాలు కొంచెం వెనక్కి జరిపితే నాకు తగిలేది.

"మళ్లీ కొత్తగా పెట్టమంటారా?"

"వద్దు. పాతది దొరికితే రెండవుతాయి. అప్పుడు రెండూ కొట్టేస్తాం. ఆగండి."

ఆగారు. ఆ దేశంలో ఆయనకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. నంబరు లేనిదే అది రాదు. బస్సు ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగల మనిషి, రోజంతా నాలుగో అంతస్తు కిటికీలోంచి పోయే బస్సులు చూస్తూ కూర్చునేవాడట. ఆయన ఉండడానికి ఇచ్చిన గడువు డిసెంబరు పంతొమ్మిది. గడువు పొడిగించాలన్నా దరఖాస్తు నంబరు కావాలి. అంటే నేను దొరకాలి. దొరక్కపోతే మొగుడూ పెళ్లాలు చెరొక దేశం. సంగతంతా ఇంతే.

సెప్టెంబరులో మళ్లీ వచ్చారు. ఈసారి కుర్చీలో వేరే మనిషి. నున్నగా గీసిన గడ్డం, నున్నటి గొంతు. "జూన్‌లోనే కొత్తది పెట్టుకోవాల్సింది. కొత్త దరఖాస్తుకు గడువు ఇంకా ఆరు నెలలుండాలి. ఇప్పుడు మీకు లేదుగా" అన్నాడు.

"మీరే వద్దన్నారండీ!"

"ఎవరన్నారు?"

"ఈ కుర్చీలో కూర్చున్నావిడ."

"రాసిచ్చారా?"

నా నాడా తెంపుకుని ఆ మనిషి మెడకు బిగించాలనిపించింది. దాచుకోను, అనిపించింది. తప్పు చేసింది ఆ కుర్చీ, రుజువు తెమ్మంటున్నదీ ఆ కుర్చీయే. అప్పలనాయుడు మాత్రం, "సార్‌కి పనెక్కువ ఉన్నట్టుంది ఝాన్సీ, మనం మల్లీ వద్దాం" అన్నాడు తెలుగులో. ఆయన మీద కూడా నాకు ఒళ్లు మండింది. ఎంత మంచితనమయ్యా నీది! మంచివాళ్లను చూస్తే ఆ కౌంటరుకు ఇంకా హాయి.

నవంబరులో ఆ నున్నటి గొంతు ఒక ఫారం ఇచ్చింది, పోయిన పత్రాల వెతుకులాట ఫారం. ఝాన్సీ అక్కడే నిలబడి, రాసేది పైకి చదువుతూ నింపింది. ఫైలు రంగు: గోధుమ. కట్టు: ఆకుపచ్చ నాడా. పత్రాల సంఖ్య: ముప్పైనాలుగు. నా గుండె, అదే, నా రేకు పట్టీ కొట్టుకుంటోంది. తర్వాతి ప్రశ్న ఆవిడ చదివింది: "పత్రాలపై మరకలు, చెరుపులు, గుర్తులు ఏవైనా ఉన్నాయా? ఉన్నట్లయితే పరీక్ష విభాగంలో వెతకబడును."

ఉన్నాయని రాయవే తల్లీ! నాలుగు మూలలా ఉన్నాయని రాయి!

ఝాన్సీ కలం ఎత్తకుండా, "లేవు" అని రాసింది. పక్కనుంచి ఆయన కూడా, "అబ్బే, సుబ్బరంగా ఉంచాం కదా" అన్నాడు.

ఆ ఇద్దరిలో ఒకరికైనా అది మరక అని తోచలేదు. ఎలా తోస్తుంది? గడపకు పసుపు రాస్తే గడప మాసిందంటామా? కొత్త చీర అంచుకు పెడితే చీర పాడైందంటామా? మీరైనా "లేవు" అనే రాసేవారు. కౌంటరుకు అవతల అది మరక తప్ప ఇంకేమీ కాదు, ఇవతల అది ఇంకేమైనా అవుతుంది గాని మరక మాత్రం కాదు. మధ్యలో నేను ప్లాస్టిక్ సంచిలో ఉక్కిరిబిక్కిరవుతున్నాను. ఆ ఒక్క మాటతో నన్ను వెతకాల్సిన చోటు వదిలేసి ఆఫీసంతా వెతికారు. వెతికామన్నారు, అంతే.

డిసెంబరు పదిన చివరిసారి వచ్చారు. ఝాన్సీ ఆ రోజు అరిచింది. పదహారేళ్లుగా ఆ దేశంలో గొంతు పెంచి ఎరగని మనిషి, అద్దం మీద అరచేత్తో కొట్టి, "మా పెళ్లి కాగితాలు మీరు పోగొట్టి, మా ఆయన్ని నేరస్తుడిలా పొమ్మంటారా? మా ల్యాబులో ఒక రక్తపరీక్ష కాగితం నేనిలా పోగొడితే నా ఉద్యోగం ఉంటుందా? మీది ఎందుకుంది?" అని అడిగింది. కాపలా మనిషి బూట్లు పరుగున వచ్చాయి. అప్పుడు అప్పలనాయుడు గొంతు వినబడింది.

"ఊరుకో ఝాన్సీ. ఆల్లకి మన మీద కచ్చేటి? మనం ఎవలమో ఆల్లకి తెలీదు, అంతే."

"తెలుసుకోవడమే కదండీ వాళ్ల ఉద్యోగం!" అంది ఝాన్సీ. ఆవిడ చేతిలోంచి కలం జారి నేలమీద పడింది. ఆయన దాని కోసం వంగాడు. ఒక్క క్షణం ఆయన ముఖం ఆ జానెడు సందులో కనబడింది. గడ్డం నెరిసింది. కళ్లు సరిగ్గా నా డబ్బా వైపు చూశాయి. అట్టడబ్బా కనబడింది, నేను కనబడలేదు. ఆయన కలం తీసుకుని లేచాడు. పంతొమ్మిదిన విమానం ఎక్కాడని తర్వాత తెలిసింది.

జనవరి పదకొండున ఆ గదికి కొత్త తివాచీ వేశారు. మనుషుల కోసం కదలని డబ్బా తివాచీ కోసం కదిలింది. కొత్తగా చేరిన ఒకమ్మాయి మమ్మల్ని బయటకు తీసి, ఒక్కొక్క చీటీ చదివి తెల్లబోయింది. ఆమె మీద నాకు కోపం లేదు. అదే రోజు ఉత్తరం కొట్టింది. "మీ పత్రాలు లభించినవని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. దరఖాస్తుదారు ముప్పై రోజులలోగా ఈ ఉత్తరముతో స్వయముగా ఆరో కౌంటరుకు హాజరు కావలెను." కింద పై అధికారి సంతకం. సంతోషించారట!

ఝాన్సీ ఒక్కతే వచ్చింది. నున్నటి గొంతు ఆవిడ వెనక్కి చూసి, "దరఖాస్తుదారు ఎక్కడ?" అని అడిగాడు.

"పంతొమ్మిదిన మీరే పంపించారు."

"మేము పంపలేదు. ఆయన దేశం విడిచి వెళ్లారు. విడిచి వెళ్తే దరఖాస్తు వదులుకున్నట్టు లెక్క. మళ్లీ మొదటి నుంచి పెట్టుకోండి. ఇది మీది." అద్దం కింది సందులోంచి నన్ను తోశాడు, సంచితో, చీటీతో సహా.

ఇంటికి తీసుకెళ్లి వంటింటి బల్లమీద పెట్టింది. తలుపు వెనక కొక్కేనికి ఆయన పాత నీలం చొక్కా ఇంకా వేలాడుతోంది. సంచి విప్పబోతూ ఝాన్సీ చీటీ చదివింది. నా మూలలు చూసింది. మళ్లీ చీటీ చదివింది. కుర్చీలో కూలబడింది. తర్వాత ఫోను చేసింది.

"నాయుడుగారూ, ఫైలు దొరికింది. వాళ్ల కాళ్లకిందే ఉంది." గొంతు తగ్గించి పసుపు సంగతి చెప్పింది. అవతల ఆయన మెల్లగా, "అక్కకి సెప్పకు. సచ్చిపోద్ది" అన్నాడు. ఇంతలోనే ఫోను చేయి మారింది.

"ఒలే ఝాన్సీ, దొరికిందటే? నాను సెప్పలేదేటి! పసుపెట్టాను కాబట్టే దొరికింది. లేపోతే ఆల్ల సేతిలో పడ్డ కాయితం మల్లీ కంటికి అవుపడతాదేటి?"

ఝాన్సీ చేతిలో చీటీ ఉంది. నేను ఆవిడ ముఖంలోకే చూస్తున్నాను. ఒక్క మాటతో పదినెలల కోపం ఆ ముసలావిడ నెత్తిన దించుకోవచ్చు. చాలామంది దించుకుంటారు. దగ్గర దొరికినవాళ్ల మీదే కదా మనుషులకు కోపం తీర్చుకోవడం చేతనయ్యేది!

"అవును వదినా" అంది ఝాన్సీ. "మీరు పెట్టబట్టే దొరికింది."

ఆయన దేశం బయట ఉన్నాడు కనుక ఈసారి దరఖాస్తు భార్యే ఇవ్వవచ్చట, అది సిద్ధం కావడానికి రెండు నెలలు పట్టింది. పోలీసు పత్రం గడువు దాటిపోయింది, ఆయన మళ్లీ తీయించి పంపాడు. ఫోటోలు కొత్తవి కావాలన్నారు. ఇద్దరూ కలిసి ఉంటే కదా! ఆ జీలకర్రాబెల్లం నవ్వే మళ్లీ పెట్టింది. గొడుగు కథ రెండు పేజీలూ పెట్టింది. కొత్త ఫైలు కొనలేదు. మార్చి నాలుగు ఉదయం స్నానం చేసి, గిన్నెలో పసుపు తడిపి, నా నాలుగు మూలలకూ పాతదాని మీద మళ్లీ చిక్కగా దిద్దింది. చేతులు దీవిస్తున్నట్టు లేవు, గోడకు సున్నం కొడుతున్నట్టున్నాయి. నాకు నచ్చింది.

ఆరో కౌంటరు. నెత్తిమీద కళ్లజోడు. ఆవిడ నన్ను చూసి, సొరుగులోంచి చీటీ తీసి కలం అందుకుంది.

"రాయండి" అంది ఝాన్సీ. గొంతు పెంచలేదు. "కాని తెలియదని రాయకండి. మూలం: వరహాలమ్మ, విజయనగరం. దరఖాస్తుదారు అక్కగారు. మా పెళ్లి చల్లగా ఉండాలని పెట్టింది. అది రాయండి. రాసి, నా కళ్లముందు నంబరు ఎక్కించండి. అందాకా నేను కదలను. నా వెనక ఉన్నవాళ్లూ కదలరు, వాళ్లతో మాట్లాడాను."

ఆవిడ ఝాన్సీ వెనక వరసను చూసింది. చీటీ పక్కన పెట్టి కంప్యూటర్ వైపు తిరిగింది. నా జీవితంలో మొదటిసారి నా వీపు మీద ఒక నంబరు పడింది. పదకొండు అంకెలు. ఝాన్సీ అక్కడే నిలబడి ఫోనులో ఒక్కొక్క అంకె చదివింది. అవతల, విజయనగరంలో, ఆయన ఒక్కొక్కటే తిరిగి చెబుతూ రాసుకున్నాడు.

ఆయన ఇంకా రాలేదు. పద్నాలుగు నెలలు పడుతుందట. నేనిప్పుడు అరలో ఉన్నాను, నంబరుతో, మర్యాదగా. కోపం మాత్రం తగ్గలేదు. ఆ రోజు గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. ఆవిడకు ఆ నంబరు ఎక్కించడానికి పట్టింది అర నిమిషం.